శిప్ప అన్న ఒక్క మాట

పోయిన నెల పల్లిచేన్ల కలుపు తీస్తాంటే కొడవలి మొనకు టక్కున ఏందో తగిలింది. రాయి కావచ్చనుకొని గెనం గట్టు మీదికి ఇసిరేద్దామని చెయ్యి లేపిన. లేపిన చెయ్యి లేపినట్లనే ఉన్నది. రాయి కాదు, ఆలుశిప్ప. మట్టి తుడిస్తే లోపటి దిక్కు ఇంకా మెరుస్తనే ఉన్నది, పావురం మెడ తీరు. చెరువు ఏడనో, మా చేను ఏడనో. తెలంగాణ వచ్చినంక చెరువుల పూడిక తీసిన్రు గదా, అప్పుడు ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు నల్లమట్టి తెచ్చి మా ఎర్ర చెల్క మీద పోసిన్రు. ఆ మట్టితోని వచ్చింది. ఎన్నేండ్ల కిందటి శిప్పనో, ఎవరు తిని పారేసిందో. మేం తిన్నదే కావచ్చు. నేను గెనం మీదనే కూలవడ్డ. పక్కసాలు మీదున్న మా కోడలు పద్మ ఉరికొచ్చి, “ఏమైందత్తా, పురుగు ముట్టిందా?” అన్నది. “ఏం ముట్టలే బిడ్డా. మీ మామ మాట దొరికింది” అన్న. ఆమెకు సమజైంది. ఇంకేం అడుగకుండ వచ్చి నా పక్కన కూసున్నది.

నాకు సంతకం పెట్టుడు తప్ప అక్షరం రాదు. నేను చెప్తాంటే మా మనుమరాలు సంధ్య రాస్తాంది. “అవ్వా, గీ మాట పుస్తకాలల్ల గిట్ల రాయరు” అంటది మధ్యమధ్యల. నా నోట్ల ఎట్లొస్తే అట్ల రాయి బిడ్డా, దిద్దకు అన్న. మా ఆయన పేరు మాత్రం చెప్ప. పెనిమిటి పేరు నోటితోని అనేటోళ్లం కాదు మేము. ఆయన పోయి యాడాది దాటింది, ఇప్పుడు కూడ నోరు తిరగది. గొర్లు కాసేటోడు. కొత్తకోట నుంచి జర లోపలికొస్తే మా ఊరు. చుట్టుపక్కల ఏ గుట్టకు ఏ దిక్కు గడ్డి మొలుస్తదో ఆయనకు చేతి గీతలు తెలిసినట్టు తెలుసు. ఒకనాడు పొద్దుగాల దొడ్డి తడిక తీస్తా తీస్తా పక్కకు ఒరిగిండు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినయ్. మూతి వంకరపోయింది. మహబూబ్‌నగర్ల దవాఖానకు తీస్కపోయినం. పానం దక్కింది గాని మాట పోయింది. మొత్తం పోతే అదొక తీరు. ఒక్క మాట మిగిలింది.

“శిప్ప.”

ఆకలైనా శిప్పనే, దూపైనా శిప్పనే. దుప్పటి జారినా, ఈగ వాలినా, సుట్టాలొచ్చి తలాపున కూసొని ఏడ్సినా ఆయన నోట్లకెళ్లి అదొక్కటే. డాక్టరమ్మ మంచిది, చిన్న పిల్ల. నన్ను పక్కకు పిల్సి చెప్పింది. “అమ్మా, తలల నరం దెబ్బతింటే కొందరికి గిట్ల ఒక్క మాట నిలిచిపోతది. టేపు ఒకకాడ చిక్కుపడ్డట్టు. దానికి అర్థం ఎతుకకండి, పరేషానైతరు” అన్నది. “అన్ని మాటలు పోయి గిదొక్కటే ఎందుకు నిలిచింది మేడమ్?” అని అడిగిన. “అది ఎవ్వరం చెప్పలేమమ్మా” అన్నది.

అర్థం ఎతుకకుండ ఎట్లుంటరు మనుషులు? ఇంటికి తెచ్చిన దినం నుంచి ఇల్లంత అదే పని. మా కోడలు మొదలు స్టీలు గిన్నె తెచ్చిచ్చింది, అన్నం శిప్ప కావచ్చని. ఎడమచేత్తోని నూకేసిండు. తర్వాత కొబ్బరి శిప్ప కావచ్చన్నరు. మా కొడుకు మల్లేశు కొత్తకోటకు పోయి టెంకాయలు తెచ్చి కొట్టి, లేత ముక్క నోటికి పెట్టిండు. ఊంచేసిండు. మా పక్కింటి నర్సమ్మ వచ్చి, “ఓ ఎడ్డి పీనుగల్లార, మోకాలు శిప్ప నొస్తాందంటున్నడు ఆయన” అని ఆముదం కాగవెట్టి రెండు మోకాళ్లకు గంటసేపు రాసింది. ఆయన ఆమెను సూసుకుంట “శిప్ప, శిప్ప” అన్నడు. “సూడుర్రి, హాయిగున్నదంటున్నడు” అన్నది నర్సమ్మ. అంత దుఃఖంల గూడ నవ్వొచ్చింది అందరికి. ఆయన ఒక్కడే నవ్వలే.

మల్లేశు గూడ కొన్ని దినాలకు నవ్వుడు బంద్ చేసిండు. వాళ్ల నాయిన పడిపోయినంక మందను సూసేటోళ్లు లేక వాడు గొర్లన్ని అమ్మేసిండు. వాడు కొత్తకోటల ఆటో నడుపుతడు. గొర్ల ఎనుక తిరిగే అలవాటు లేదు, తప్పు లేదు వానిది. మంద దొడ్డి దాటి పోతాంటే మంచంల నుంచి వాళ్ల నాయిన గోడ దిక్కు మొకం తిప్పుకొని, శిప్ప, శిప్ప, శిప్ప అని కొట్టుకున్నడు. ఆ మాపు వాడు నా దగ్గరికొచ్చి గుమ్మంల కూసున్నడు. “అమ్మా, నాకు సమజైంది. నాయిన ఏమంటున్నడో ఎరికేనా? నా చేతికి శిప్ప ఇచ్చినవ్ కొడుకా, అడుక్కతినేటట్టు చేసినవ్ అంటున్నడు” అన్నడు. “అట్ల కాదురా” అన్న. “మరెట్ల? నువ్వే చెప్పు, మరెట్ల?” అన్నడు. నేను చెప్పలే. ఆ దినం నుంచి వాడు ఆ అర్రలకు పోవుడు మానేసిండు. తలుపు కడపకాడ నిలవడి సూసి పోతుండె.

ఇక్కడ ఒక నిజం చెప్పాలె. సంధ్యా, గిది కొట్టెయ్యకుండ రాయి. ఆయన దవాఖానల కండ్లు తెరిసి మొదటిసారి ఆ మాటన్ననాడే నాకు తోచింది. గిన్నె కాదు, కొబ్బరి కాదు, మోకాలు కాదు. ఏం శిప్పనో నాకు తోచింది. తోచి గూడ నోరు మూసుకున్న. అప్పటికి ఆయన మెత్తటి బువ్వ మింగుతుండె. అది యాదికి పెట్టుకోండి.

నన్ను ఇచ్చినప్పుడు మా అత్తగారింటికాడ ఒక్కటే అర్ర, దాని ముందట కొట్టం. మనుషులకంటె గొర్లకు ఎక్కువ జాగ ఉండె. పొద్దుగాల లేస్తే ముక్కుకు మొదలు పెంటికల వాసన, తర్వాత పాల వాసన, తర్వాత మా అత్త బాలమ్మ తంబాకు వాసన. ఆమె దవడకు తంబాకు పెట్టుకొని మాట్లాడితే సగం మాటలు మింగుతుండె. ఏ పని చెప్పిందో సమజ్గాక నేను నిలవడితే, “ఏందే, గుడ్డి గొర్రె తీరు సూస్తవ్?” అనేది. చెయ్యి చేసుకునేది కాదు గాని మాటతోనే బొబ్బలెక్కిస్తుండె. ఆమె నడుముకు ఎప్పుడు ఒక ఆలుశిప్ప చెక్కి ఉంటుండె. దానితోని పాలకుండ గోకేది, మామిడికాయ చెక్కు తీసేది, పిల్లలకు ఉగ్గు పోసేది. “ఇది మా అమ్మ నాకిచ్చిన బంగారమే” అని నవ్వేది.

నేను కాపురానికి పోయిన రెండోయేడు వానలు మొకం సాటేసినయ్. ఆపై యేడు గూడ రాలే. జొన్నలు తప్ప ఇంట్ల గింజ లేదు. గొర్లు బక్కచిక్కి కొన్ని సచ్చినయ్. కూర అనే మాట మర్చిపోయినం. చెరువు ఎండి ఎండి నడుమ ఒక మడుగు మిగిలింది. ఒకనాడు మా అత్త నన్ను పిల్సింది. “కొంగు బిగించు. కూరకు పోదాం” అన్నది. “చెరువుల చేపలు అయిపాయె గదా అత్తా” అన్న. “చేపలు ఉరికేటియి, అందుకే ముందు పోయినయ్. ఉరకనియి ఉన్నయ్, రా” అన్నది.

ఆ బురదల మోకాళ్ల లోతు దిగినం. నేను వంగి చేతులతోని దేవులాడుతాంటే మా అత్త ఈపుల ఒక్కటి సరిచింది. “చేతులు కాదే, కాళ్లు. శిప్పలను కాళ్లు సూడాలె” అన్నది. అడుగు ఎత్తొద్దు, బురదల జరుపుకుంట పోవాలె. మెత్తమెత్తగ పోతా పోతా మడిమెకు అంచు ఒకటి తగుల్తది, గోరు గీసినట్టు. అప్పుడు వంగి తియ్యాలె. రాయి అయితే కదలది. శిప్ప అయితే నీ కాలు తగలంగనే బురదలకు జరంత దిగుతది. ఆ దిగుడు కాలికి తెలుస్తది. అది తెల్సిననాడు నాకు సంబురమైంది, తల్లిగారింటికాడ ఎవరు నేర్పని పని నేర్సిన అని.

తెచ్చిన శిప్పలను కుండల నీళ్లు పోసి, పిడికెడు జొన్నపిండి చల్లి, ఒక దినం ఒక రాత్రి పెట్టాలె. అవి పిండి పీల్సుకొని కడుపుల బురద కక్కుతయ్. తెల్లారి నీళ్లు నల్లగుంటయ్. ఇంట్ల పొయ్యి మీద శిప్పలు వండేటోళ్లం కాదు, పెరట్లనే. గొర్ల పెంటికలు ఎండవెట్టి కుప్ప పోసి నిప్పు పెడితే అది మండది, రాజుకుంటది. కట్టెల నిప్పు కోపం తీరు, జల్ది లేస్తది జల్ది పోతది. పెంటికల నిప్పు పగ తీరు, లోపట్లోపట ఉంటది. ఆ నిప్పుల మీద శిప్పలు పరుస్తే జర సేపటికి టప్ టప్ మని నోర్లు తెరుస్తయ్. తెరువనిది ఎంత పెద్దదైనా పారేయాలె. “నోరు తెరువనిదాన్ని నమ్మొద్దు, అది లోపట మురిగి ఉంటది” అనేది మా అత్త. లోపటి కండ తీసి, నల్ల పేగు గిల్లి పారేసి, కండను మళ్లా అర్ధ శిప్పల పెట్టేటిది.

ఇగ పైది. నిన్నటి జొన్నరొట్టె గట్టివడ్డది ఉంటది గదా, దాన్ని చేత్తోని నలిపి పొడి చేసి, అండ్ల ఎల్లిపాయ కారం, ఉప్పు, ఏంచిన నువ్వులు, చింతపండు పులుసు రెండు చుక్కలు. దొరికితే గొర్రె కొవ్వు ఏలెడంత. కలిపి ఒక్కొక్క శిప్ప మీద బొటనవేలితోని అద్దాలె. వాటిని నిప్పుల మీద పేర్సి పైన మట్టి మూకుడు బోర్లించి, ఆ మూకుడు మీద గూడ నిప్పులు పోయాలె. కింద సెగ, మీద సెగ. కొవ్వు కరిగి రొట్టెపొడిలకు దిగి పైన ఎర్రగ పెచ్చు కడ్తది. మూకుడు లేపంగనే వచ్చే వాసన, ఎల్లిపాయ, కాలిన జొన్న, చెరువు మట్టి కలిసిన వాసన, నేను మాటలల్ల చెప్పలేను. మా వాడకట్టు కుక్కలన్ని వచ్చి తడిక బయట కూసుంటుండె.

మా అత్తకు జరమొచ్చిననాడు మొదటిసారి నేనొక్కదాన్నే చేసిన. అన్ని ఆమె చేసినట్టే చేసిన. ఒక్క జొన్నపిండి నీళ్లల్ల నానవెట్టుడు మర్సిన. మా మామ మొదటిది నోట్ల పెట్టుకొని కరకర నమిలి లేసి పోయి ఊంచిండు. మా అత్త మంచంల నుంచే, “చెరువునంత మా నోట్ల పోస్తివి గదనే” అన్నది. నేను నిప్పులకాడ తల వంచుకొని కూసున్న. మా ఆయన ఒక్కొక్కటే తీసుకొని తింటున్నడు. నాకు ఇనవస్తాంది ఆయన పండ్ల కింద ఇసుక. అన్ని తిన్నడు. మా మామ వదిలేసినయ్ గూడ తిన్నడు. తిని మూతి తుడుసుకొని, “మంచిగున్నది” అన్నడు. అప్పటికి మా ఇద్దరి నడుమ సరింగ మాటలు గూడ లేకుండె. ఆ ఒక్క మాటతోని నేను ఆ ఇంటి మనిషినైన.

తర్వాత వానలు పడ్డయ్. మంద పెరిగింది, ఒక గొర్రెకు రెండు, రెండుకు నాలుగు. కూరకు కొదువ లేకపాయె. అయినా ఎండకాలం వస్తే ఒక్కసారన్న శిప్పలు కాల్సుకునేటోళ్లం, కరువుకు కాదు, ఇష్టానికి. మల్లేశు అప్పుడు చంకపిల్ల. మా ఆయన మేనమామ బిడ్డ పెండ్లికి పోయినం. బంతిల కూసున్నం. ఆకులల్ల మటన్ వడ్డిస్తున్నడు ఒకడు, ఆడ ఈడ ఎచ్చులు మాట్లాడేటోడు. మా ముందట నిలవడి గట్టిగ అన్నడు, “ఇగో, శిప్పలోళ్లు వచ్చిన్రు. పాపం కరువుల ఉన్నోళ్లు, జర తునకలు ఎక్కువేయుర్రి!” బంతంత నవ్వింది. నవ్వినోళ్లల్ల సగంమంది మా తీరే చెరువు బురద తొక్కినోళ్లు. మా ఆయన ముద్ద ఆకుల పెట్టి లేసిండు. నేను చంకల పిల్లగాన్ని ఏసుకొని ఎనుక నడిసిన. ఇంటికొచ్చినంక పెరట్లకు పోయి మూకుడు తీసి బండకు కొట్టిండు. “ఇగ మన ఇంట్ల శిప్ప అన్న మాట ఇనవడొద్దు. పిల్లలకు తెల్వొద్దు. ఇన్నవా?” అన్నడు. ఇన్న అన్న. మా అత్త నడుముల ఉన్నది మాత్రం తియ్యలే. ఆమె పోయినప్పుడు ఆమెతోనే మన్నుల పెట్టినం.

గట్ల ఆ మాట మా ఇంట్ల సచ్చిపోయింది. కొబ్బరి శిప్పను గూడ మేం కొబ్బరి ముక్క అనుడు నేర్సినం. మల్లేశుకు తెల్వది, వాని పిల్లలకు తెల్వది. ఆ మాటను బయటికి ఎల్లగొట్టిన మనిషికి, అన్ని మాటలు ఇడిసిపెట్టి పోయినంక, అదొక్కటే వచ్చి నోట్ల కూసున్నది. ఇప్పుడు చెప్పుర్రి, నేనెట్ల నోరు తెరుస్తును? వద్దన్నదాన్నే అడుగుతున్నడా? లేకుంటే వద్దని చెప్పిన మాటనే మళ్లమళ్ల చెప్తున్నడా, దాచిపెట్టు, దాచిపెట్టు అని? అడుగుదామంటే ఆయన జవాబు ఏమొస్తది? శిప్ప అనే వస్తది. కోడలు ముందట మేం బురద తిన్నమని చెప్పనీకె నాకు సిగ్గయ్యింది. అదీ ఉన్నది. ఎందుకు దాస్త?

దినాలు పోయినయ్. మెత్తటి బువ్వ పోయి జావ అయ్యింది. జావ గూడ గొంతుల అడ్డంపడి దగ్గు లేస్తే మొకం నీలమయ్యేది. డాక్టరమ్మ, “గట్టిది ఏది పెట్టకండి, చెంచ చెంచ నీళ్లోలె తాపండి” అన్నది. అట్లాంటప్పుడు ఒక మధ్యాన్నం సంధ్య తాత మంచం పట్టె మీద కూసొని ఫోన్ల ఏందో సూస్తాంది. అదే సంధ్య, ఇప్పుడు రాస్తున్నది. “అవ్వా, గిది సూడు, సముద్రం శిప్పలంట. పచ్చిగనే తింటరంట కొందరు. గీమె సూడు ఇంట్లనే చేస్తాంది, పైన రొట్టెపొడి, ఎల్లిపాయ, వెన్న పెట్టి కరెంటు పొయ్యి డబ్బల పెట్టింది” అన్నది. ఆ పిల్లకేం తెల్సు, నోటికొచ్చిన మాట అన్నది. మంచం కిర్రుమన్నది. ఆయన ఎడమచెయ్యి లేసింది. పోయి ఫోను మీద వాలింది. ఆ అద్దం మీద ఏళ్లతోని తడుముతున్నడు, పైన పెచ్చు గిల్లినట్టు. “శిప్ప” అన్నడు. అన్ని దినాలు అన్నట్టు కాదు. మెల్లగ అన్నడు.

ఇగ నా తోని గాలే. కడపకాడ నిలవడ్డ మల్లేశును లోపటికి పిల్సి, పద్మను పిల్సి, కింద కూసొని మొత్తం చెప్పిన. కరువు, బురద, బంతి, మూకుడు. మల్లేశు నా ముందట కూసొని, “అంటే నన్ను అన్నది కాదా?” అన్నడు. “కాదు కొడుకా.” “ఇన్ని నెలలు... నువ్వు ఎందుకు చెప్పలే అమ్మా?” అన్నడు. నేను లేసి ఆయన దుప్పటి సరిజేసిన.

చెరువు పూడిక తీసినంక లోతైంది. కాలువ నీళ్లొచ్చి ఎండకాలం గూడ నిండే ఉంటాంది. మంచిదే, రెండు పంటలు పండుతున్నయ్. గాని మడుగు లేదు, బురద లేదు. చేపలు పట్టే బుచ్చన్నను అడిగితే నవ్విండు. “శిప్పలా వదినా? సికెన్ దుకాణం పక్కనే ఉన్నది గదా. నా వలకు తగిలితే తిట్టి పారేస్త” అన్నడు. నా మొకం సూసి నవ్వు ఆపిండు. “అలుగు పక్కకు ఒకకాడ ఉంటయ్. లోతు లేదు. రేపు రాండి” అన్నడు. మల్లేశు ప్యాంటు మడిసి దిగిండు. నేను కట్ట మీద నిలవడి అరుస్తున్న, “చేతులు కాదురా, కాళ్లు! అడుగు ఎత్తకు, జరుపు!” నలభై దగ్గరికొస్తున్న కొడుకు చెరువుల నడుసుడు నేర్సుకుంటున్నడు. పొద్దంత దేవులాడితే వానికి ఏడు దొరికినయ్, బుచ్చన్నకు ఐదు. “అమ్మా, కాలు పెట్టంగనే దిగింది, కదిలింది!” అని వాడు ఒకసారి అరిసిండు చిన్న పిల్లగాని లెక్క. సరిగ్గ అప్పుడే నాకు ఏడుపొచ్చింది.

ఈసారి జొన్నపిండి మర్వలే. దినమంత, రాత్రంత నానవెట్టిన. ఇంట్ల జొన్నరొట్టె లేదు, అన్నమే తింటున్నం గదా. పద్మ పిండి పట్టిచ్చి, నాకు రొట్టె చెయ్యరాదత్తా అంటే నేను చేసిన, ఒకదినం ఎండవెట్టిన. పెంటికలు ఏడికెళ్లి తేవాలె, మా దొడ్డి ఊడ్సి ఆరు నెలలాయె. మల్లేశు సంచి తీసుకొని బయలెల్లిండు. ఏడికి పోయిండో నేనడగలే. మన మందను కొన్నాయన దొడ్డికే పోయిండని తర్వాత తెల్సింది. తన నాయిన గొర్ల పెంటికలు తనే అడిగి ఎత్తుకొచ్చిండు.

పెరట్ల రాజేసిన. పన్నెండిట్ల రెండు నోరు తెరువలే, పారేసిన. పది శిప్పల మీద బొటనవేలితోని అద్దిన. ఏలు మర్సిపోలే. కొత్త మూకుడు బోర్లించి పైన నిప్పులు పోసిన. వాసన లేసింది. కిటికీల నుంచి లోపటికి పోయింది. లోపట్నుంచి మాట లేదు, సప్పుడు లేదు. అన్నన్ని నెలలు బంద్‌కాని ఆ మాట ఆ వాసన రాంగనే బంద్ అయ్యింది. నేను శిప్ప పట్టుకొని లోపటికి పోయేసరికి ఆయన కండ్లు తలుపు మీదనే ఉన్నయ్. మల్లేశు ఈపు కింద చెయ్యి పెట్టి లేపి కూసోవెట్టిండు. పద్మ, “అత్తా, డాక్టరమ్మ వద్దన్నది” అన్నది మెల్లగ. నాకు తెల్వదా? తెల్సు. కండ పెట్టలే. పైనున్న పెచ్చును ఏలితోని నలిపి, శిప్పల ఊరిన రసంల తడిపి, ఉగ్గు తీరు చేసి, మా అత్త పిల్లలకు పోసినట్టు ఆ శిప్ప అంచుతోనే నాలిక మీద జరంత రాసిన.

నోరు మూసిండు. దవడ ఆడిచ్చిండు. మింగనీకె సూసిండు, గొంతు రాలే. దగ్గు వచ్చింది. రాసిందంత మూతి వంకర దిక్కుకెళ్లి బయటికొచ్చింది. నేను కొంగుతోని తుడుస్తున్న. ఆరు నెలల కింద ఈ పని చేసి ఉంటే తినేటోడు. పది గూడ తినేటోడు. దగ్గు ఆగినంక నా మొకంల మొకం పెట్టి సూసిండు. ఇప్పుడు ఏదన్న ఒకటి అంటడు, ఇంకొక మాట ఏదన్న వస్తది, అవునో కాదో, తిట్టో దీవెనో.

“శిప్ప” అన్నడు.

అవే కండ్లు, అదే గొంతు. ఇదే అడిగిన అన్నడా? ఇది కాదు అన్నడా? వద్దంటే ఎందుకు చేసినవ్ అన్నడా? పండ్లకింద ఇసుక తగలలేదని సూసుకున్నడా? కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయ్, అవి దగ్గుకొచ్చినయో దేనికొచ్చినయో. మల్లేశు ఈపు పట్టుకొనే ఉండి, “ఏమంటున్నడమ్మా? ఇదేనంటనా?” అన్నడు. వాడు చెరువుల దిగిన కొడుకు, అమ్మిన మంద దొడ్డికి పోయి చెయ్యి చాపిన కొడుకు. నేను మా ఆయన దిక్కే సూసుకుంట అన్న.

“మంచిగున్నది అంటున్నడు కొడుకా.”

ఆయన నా దిక్కు సూసిండు. కాదనలే. కాదననీకె ఆయన దగ్గర మాట లేదు గదా. మిగిలిన తొమ్మిది శిప్పలు ఆ దినం మేమే తిన్నం, నేను, మల్లేశు, పద్మ, సంధ్య. బయట తడికకాడ కుక్కలు గూడ వచ్చినయ్. ఇరవై దినాలకు ఆయన పోయిండు. పోయేటప్పుడు ఆ మాట గూడ అనలే.

ఇప్పుడు ఏ ఫికర్ లేదు మా ఇంట్ల. చెరువు నిండ నీళ్లున్నయ్, పొయ్యికి గ్యాసున్నది, సన్న బియ్యం వండుకుంటున్నం. చేన్ల దొరికిన శిప్పను కడిగి ఉప్పు డబ్బల పెట్టిన, చెంచ తీరు వాడుతున్న. మొన్న నర్సమ్మ వచ్చి సూసి, “గిదేందే, స్టీలు చెంచలు లేవా మీ ఇంట్ల?” అన్నది. పద్మ కూర కలుపుకుంట ఎనుకకు తిరుగకుండనే, “ఉన్నయ్ పెద్దమ్మా. మేం శిప్పలోళ్లం” అన్నది. కోడలు ఆ మాట అంత సులువుగ అన్నది.

సంధ్య రాసుడు ఆపి అడుగుతాంది, “అవ్వా, తాత నిజంగ ఏమన్నడు ఆ దినం?” అని. శిప్ప అన్నడు బిడ్డా. గంతే రాయి.